‘చివరి ఆట’ అని అరిచిన గొంతు

వికారాబాదుకూ తాండూరుకూ మధ్య నా గొంతు వినని మనిషి లేడు. నా మైకు వినబడితే రైలు కూడా ఒక నిమిషం ఆగి, విని పోయేది.

సరే, రైలు సిగ్నల్ లేక ఆగింది. కానీ ఆగిన మాట నిజం. అదే నిమిషంలో గేటు దగ్గర జీపులో కూర్చుని నేను మాట్లాడుతున్న మాటా నిజం. రెండు నిజాలను పక్కపక్కన కూర్చోబెట్టి మూడోది పుట్టించడమే నా వృత్తి. పని మానేసి చాలా ఏళ్ళయినా ఆ అలవాటు పోలేదు. రాసేటప్పుడు కూడా ముందు కలుపుతాను, తర్వాత తీసేస్తాను. కొంచెం ఓపిక పట్టండి.

నా పేరు దేవదానం. జనం పిలిచే పేరు మైకు దేవదానం. మోమిన్‌పేట్ పక్కన చిన్న పల్లె మాది. మా నాన్న ఒక పెద్ద రైతు దగ్గర జీతం ఉండేవాడు. ఆదివారం ప్రార్థనలో నేను వాక్యం చదివితే ఆఖరి వరసలోవాళ్ళకు కూడా నిద్ర పట్టదని పాస్టరుగారు విసుక్కునేవారు. ఆ ఒక్క అర్హతతో తాండూరులో ఒక సినిమా హాలువాళ్ళు నన్ను ప్రచారానికి పెట్టుకున్నారు. మొదట సైకిల్ రిక్షా, తర్వాత జీపు, చివర్లో ఆటో. పైన ఒక బూర, సీటు కింద బ్యాటరీ, ఒళ్ళో రంగు కాగితాల కట్ట, చేతిలో మైకు. హాలు పని లేని రోజుల్లో చుట్టుపక్కల నాటకాలవాళ్ళు కూడా నన్నే పిలిచేవాళ్ళు. అట్లా నా పని వయసంతా ఒక కాలు సినిమాలో, ఒక కాలు నాటకంలో పెట్టి నిలబడ్డాను. ఆ నొప్పులు ఇప్పుడు తెలుస్తున్నాయి.

మొన్న నవీన్ అనే పిల్లవాడు ఇంటికి వచ్చాడు. వికారాబాదులో ప్రచారం ఆటో నడుపుతాడు. బట్టల దుకాణాలు, కోచింగ్ సెంటర్లు, ఎన్నికలు, ఏది దొరికితే అది. వాడి దగ్గర మైకు లేదు, పెన్‌డ్రైవ్ ఉంది. ఎవరో ఎక్కడో ఒకసారి చదివిపెట్టిన మాటను ఊరంతా తిప్పుతాడు. ఆటో అరుస్తూ పోతుంటుంది, వాడు నోరు మూసుకుని పోతుంటాడు.

“తాతా, ఒకటి అడుగుత. మీ టైంల ఏది ఈజీ ఉండె? సిన్మాకు మందిని పిలుసుడా, నాటకానికి పిలుసుడా?”

“రెండూ నా మీదనే నడిచినయ్ కొడుకా. నేను నోరు తెరవకపోతే...”

లోపల్నుంచి నా భార్య సుగుణ అందుకుంది. “పిల్లగా, ఆయన చెప్పేదాంట్ల సగం తీసెయ్యి. మిగిలిన దాంట్ల మల్ల సగం తీసెయ్యి. అప్పుడు చాయ్ తాగు.”

వాడు నవ్వి, చాయ్ తాగి వెళ్ళిపోయాడు. వాడి ప్రశ్నకు జవాబు చెప్పలేదు నేను. చెప్పాలంటే యాలాల్ మల్లప్ప సంగతి చెప్పాలి. అది చాయ్ చల్లారేలోపు అయ్యే ముచ్చట కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. నేను ఎంత జీతానికి చేరాను, ఎంతతో దిగిపోయాను, హాలు ఎన్ని చేతులు మారి ఫర్నిచర్ గోదాము అయ్యింది, ఇవన్నీ ఎవరికీ పనికిరావు. పనికొచ్చేది ఇంకొకటి ఉంది.

హబీబ్ సాబ్ బడి

నాకు పని నేర్పినవాడు హాలు మేనేజర్ హబీబ్ సాబ్. పొట్టి మనిషి. సినిమా బాగుందో లేదో ఆయన ఎప్పుడూ తెర వైపు చూసి చెప్పలేదు. ఆట వదిలాక గేటు దగ్గర నిలబడి, బయటికొచ్చే జనం నడక చూసి చెప్పేవాడు. చెప్పులు ఈడ్చుకుంటూ వస్తే శుక్రవారానికి ఇంకో సినిమా తెప్పించాలి. ఎగురుతూ వస్తే మరో వారం.

ఆయన నాకు నేర్పిన మొదటి మాట ‘చివరి రెండు ఆటలు’.

“చివరి అంటే నిజంగా చివరేనా సాబ్?” అని అడిగాను, చేరిన కొత్తలో.

“అరే పాగల్, రేపు ఉంది అంటే ఎవడన్న ఇయ్యాల వస్తడా? అయిపోతుంది అను. ఉరుకొస్తరు.”

వాళ్ళు ఉరుకొచ్చేవాళ్ళు. శనివారం చివరి ఆట అనేవాణ్ణి. ఆదివారం పొద్దున్నే అదే గొంతుతో ‘ప్రేక్షకుల కోరికపై మరో నాలుగు రోజులు’ అనేవాణ్ణి. ఒక్కడంటే ఒక్కడు వచ్చి, నిన్న చివరిదన్నావు కదా అని అడగలేదు. సినిమాలో చివరి అనే మాటకు ఎవరూ బాధపడరు. సినిమా రీళ్ళ డబ్బా ఇక్కడ లేకపోతే ఇంకో ఊళ్ళో ఆడుతుందని అందరికీ తెలుసు. తెర మీద చచ్చినవాడు మ్యాట్నీలో మళ్ళీ బతికి పాట పాడతాడు.

తాండూరులో నా అసలు శత్రువు ఇంకో హాలు కాదు, నాపరాయి పాలిషింగ్ మిషన్లు. ఆ చప్పుడులో నా మైకు చీమ మాట్లాడినట్టు ఉండేది. పనివాళ్ళు ఒళ్ళంతా తెల్లటి దుమ్ముతో బయటికి వచ్చి, కళ్ళు మాత్రం నల్లగా మెరుస్తుంటే, “ఏం సిన్మా అన్నా? ఏముంది అండ్ల?” అని అడిగేవాళ్ళు. సరిహద్దు అవతలనుంచి వచ్చినవాళ్ళ కోసం “బర్రి, నోడ్రి”, రండి, చూడండి అని కన్నడంలో రెండు ముక్కలు విసిరేవాణ్ణి. నాకు కన్నడం అనర్గళంగా వచ్చు. వచ్చినవి ఆ రెండు ముక్కలే అనుకోండి, కానీ వాటిని అనర్గళంగా పలికేవాణ్ణి.

ఏముందో నాకేం తెలుసు? ప్రచారం మొదలయ్యేనాటికి డబ్బా ఇంకా దారిలోనే ఉండేది. బొమ్మ చూసి కథ అల్లేవాణ్ణి. ఒక పోస్టర్ మీద తాడు పట్టుకున్న హీరోను చూసి పామనుకుని, ‘పడగ విప్పిన నాగుబాముతో హీరో పోరాటం’ అని యాలాల్ దాకా చెప్పుకుంటూ పోయాను. మూడో రోజు ఒక రైతు జీపుకు అడ్డం నిలబడ్డాడు.

“పామేది?”

“చూడలేదా? ఇంటర్వెల్ తర్వాత వస్తది.”

“నేను ఇంటర్వెల్ల కూడ లేవలె. పామేది?”

“సీన్ల చీకటుంటది అన్నా. మల్లొకసారి పోయి జర ముంగట కూసో, కనపడ్తది.”

ఆయన మళ్ళీ వెళ్ళి ముందు బెంచీలో కూర్చుని పామును చూసి వచ్చాడని నేను చాలా ఏళ్ళు అందరికీ చెప్పాను. ఆయన వెళ్ళలేదు. నా ఒళ్ళోని కాగితాల కట్ట మొత్తం లాక్కుని, “పొయ్యి అంటించుకుంట, గింతన్న పనికొస్తది” అని పోయాడు. ఈ కథలో ఇంతకాలం నేనే గెలిచాను కాబట్టి ఇప్పుడు ఆయనను గెలిపిస్తున్నాను.

హబీబ్ సాబ్‌కు ఈ గొడవ చెబితే నవ్వాడు. “తిట్టిండా? అంటే చూసిండు. చూడనోడు తిట్టడు.” ఆయన మంచి మేనేజరు. మంచి గురువా అంటే, ఇప్పుడు ఆలోచిస్తే, సినిమా వరకు మంచి గురువు. ఆయన బడిలో నేర్చుకున్న పాఠాన్ని నేను ఇంకో బడిలో అప్పజెప్పాను. తప్పు అక్కడ జరిగింది.

రాజు ఎవడు?

నాటకానికి పిలవడం వేరు. ఊళ్ళో జీపు ఆగగానే ‘ఏముంది అండ్ల’ అని అడిగేవాళ్ళు కాదు. కథ అందరికీ తెలుసు. ‘రాజు ఎవడు?’ అని అడిగేవాళ్ళు. మల్లప్ప అంటే చాలు, గోనె సంచులు దులుపుకునేవాళ్ళు, కూర్చోవడానికి.

మల్లప్ప యాలాల్ మనిషి. పగలు గొర్రెలు కాసేవాడు. వేసవిలో, జాతరల్లో రాజు వేషం కట్టేవాడు. గొంతు గొప్పదేమీ కాదు. నా గొంతే బాగుండేది. ఇది మాత్రం కలిపి చెప్పడం కాదు, ఆయనే ఒప్పుకున్నాడు. కానీ ఆయన నిలబడితే చూడాలి. పొద్దంతా కర్ర మీద బరువు మోపి మంద వైపు చూస్తూ నిలబడే మనిషి కదా, ఒంటికాలి మీద కదలకుండా నిలబడేవాడు. రంగు పూసి కిరీటం పెడితే ఆ నిలబడడమే రాజరికంలాగా కనిపించేది.

వాళ్ళు ఎక్కువగా ఆడేది తామే కట్టుకున్న ఒక నాటకం. తమ్ముడి కోసం రాజ్యం వదిలి అడవికి పోయే అన్న కథ. ఆఖర్న రాజు కిరీటం తీసి తమ్ముడి చేతిలో పెడతాడు. మల్లప్ప దాన్ని తీయడానికి చాలా సేపు పట్టేది. రెండు చేతులు పైకి పోయేవి, ఆగేవి, తల కొంచెం వంగేది. అప్పటిదాకా ముచ్చట్లు పెట్టుకున్న ఆడవాళ్ళు కూడా గమ్మున అయిపోయేవాళ్ళు.

ముందు వరసలో ఎల్లవ్వ అనే ముసలమ్మ కూర్చునేది. ఏ ఊళ్ళో నాటకమైనా ఆమె సంచి అక్కడ పరిచి ఉండాల్సిందే. మల్లప్పకు చుట్టం కూడా కాదు. కిరీటం తీయగానే ఏడ్చేది. ఏడ్చి, ముక్కు చీది, “మల్ల తియ్యి నాయనా” అనేది. జనమంతా “మల్ల తియ్యి, మల్ల తియ్యి” అని అందుకునేవాళ్ళు. మల్లప్ప కిరీటం తిరిగి పెట్టుకుని, హార్మోనియం మళ్ళీ మొదలవగానే, మొదటిసారి తీసినట్టే తీసేవాడు. అడవికి పోవాల్సిన రాజు రెండుసార్లు, మూడుసార్లు వెనక్కి వచ్చి మళ్ళీ మళ్ళీ రాజ్యం వదిలేవాడు. ఎల్లవ్వ ప్రతిసారీ కొత్తగా ఏడ్చేది.

హాల్లో కూడా జనం ఈలలు వేస్తే పాట రీలు తిప్పి మళ్ళీ వేసేవాళ్ళు. అది అదే పాట. ఇక్కడ అట్లా కాదు. రెండోసారి తీసేటప్పుడు మల్లప్ప చేతులు ఇంకొంచెం నెమ్మదించేవి. ఎల్లవ్వ ఏడుపు విన్నాడు కాబట్టి.

ఇట్లా రాస్తున్నానని నాటకాలన్నీ గొప్పవని అనుకోకండి. చాలా నాటకాలు నన్నే నిద్రపుచ్చాయి. పాట అందని గొంతులు, తాగి వచ్చిన మంత్రులు, తెల్లారినా అయిపోని యుద్ధాలు. సినిమా కనీసం చెప్పిన టైముకు మొదలై చెప్పిన టైముకు ఇంటికి పంపిస్తుంది. కానీ నాటకం ఆడేది ఊరివాళ్ళ ముందు, ఆడేవాళ్ళు కూడా ఊరివాళ్ళే. పిలిచేవాడికి ఆ ఒక్క తేడా తెలియాలి. నాకు ఆలస్యంగా తెలిసింది.

ఆ ప్రచారం

ఇళ్ళల్లోకి టీవీలు వచ్చాక నాటకాల ముందు సంచులు తగ్గాయి. నాటకం నడిపించే శంకరయ్య, ఆయనే హార్మోనియం వాయించేవాడు, ఒకరోజు తాండూరు బస్టాండ్‌లో నన్ను పట్టుకున్నాడు.

“దేవదానం, మొన్న నీ హాలు ముంగట తొక్కులాట చూసిన. చివరి ఆట అంటివంట గద?”

“అట్లనే అన్న.”

“ఆ మంత్రం మాకు గూడ జర చదువు. మల్లప్ప చివరి ఆట అను.”

“మల్లప్ప మానేస్తుండా?”

“మానేస్తె నేను నిన్నెందుకు అడుగుత? నువ్వు అను. మంది వస్తరు. తర్వాత మీ సిన్మావాళ్ళ తీరుగ ప్రేక్షకుల కోరికపై అని మల్ల ఆడ్దం.”

నాకు ఇందులో తప్పేమీ కనిపించలేదు. రోజూ చేసే పనే. మల్లప్పకు చెప్పాలని మా ఇద్దరికీ తట్టలేదు. సినిమాకు ప్రచారం చేసేటప్పుడు హీరోను అడుగుతామా?

నా జన్మలో అంత బాగా ఎప్పుడూ చెప్పలేదు. యాలాల్ మొదలుకుని పల్లె పల్లెకూ జీపు తిప్పాను. ‘మీరు చూస్తూ పెరిగిన రాజు, మీ కళ్ళ ముందు ఆఖరిసారి కిరీటం తీస్తున్నాడు’ అన్నాను. ఆ వాక్యం నేనే అల్లాను. ఒక ఊళ్ళో అది చెబుతుంటే నా గొంతే వణికింది. అంతగా నమ్మాను నేను కూడా.

ఆ రాత్రి యాలాల్ మైదానంలో సంచి పరచడానికి చోటు లేదు. శంకరయ్య తెర సందులోంచి చూసి నా భుజం చరిచాడు. మల్లప్ప రంగు పూసుకుంటూ, “ఇంత మందా? ఏమైంది ఇయ్యాల?” అని ఆశ్చర్యపోయాడు. ఎవరూ చెప్పలేదు. ఏమని చెప్తాం?

నాటకం మామూలుగానే నడిచింది. ఆఖర్న చేతులు కిరీటం మీదికి పోయాయి. తల వంగింది. కిరీటం దిగింది. హార్మోనియం మీద వేళ్ళు ఆపి శంకరయ్య ‘మల్ల తియ్యి’ కోసం ఎదురుచూశాడు. ఎల్లవ్వ అడగలేదు. ఎవ్వరూ అడగలేదు. ఆఖరిసారి అన్న తర్వాత మళ్ళీ తియ్యమని ఎట్లా అడుగుతారు?

ఎల్లవ్వ లేచి, ఇద్దరు పట్టుకోగా స్టేజీ ఎక్కింది. ఆమె వెనక ఒక ముసలాయన కొత్త నల్ల గొంగడి తెచ్చి మల్లప్ప భుజాల మీద కప్పాడు. ఎవరో ఇత్తడి తాంబాళం తెచ్చి కాళ్ళు కడిగారు. ఒకాయన చేతుల్లో గొర్రెపిల్లను పెట్టాడు. మల్లప్ప ముందు నవ్వాడు. తర్వాత అందరి మొహాలూ చూశాడు. ఎల్లవ్వ ఆయన చెంప మీద చెయ్యి వేసింది, రంగంతా ఆమె చేతికి అంటింది.

“ఇన్నేండ్లు మంచిగ ఏడిపించినవ్ కొడుకా. ఇగ నువ్వు రాకుంటే నేను ఏడికి పోవాలె?”

అప్పుడు అర్థమైంది ఆయనకు. కిరీటం శంకరయ్య చేతికిచ్చి, మైకు దగ్గర నిలబడ్డ నా వైపు చూశాడు. కోపం లేదు. మందలోంచి ఒక గొర్రె ఎటు పోయిందో వెతికేటట్టు చూశాడు.

తెర వెనక శంకరయ్య మొదలుపెట్టాడు. “అరే మల్లన్నా, ఫికర్ చెయ్యకు. మంది కోసం ఊకె అట్ల అన్నం. వచ్చే నెల మల్ల ఆడ్దం.”

“కాళ్ళు కడిగిచ్చుకున్న గద.”

“కడిగితే ఏమైతది?”

“ఏమైతదా? రేపు పొద్దుగాల నేను ఈ ఊళ్ళెకెల్లే మందను తోల్కపోవాలె. ఎల్లవ్వ ఇంటి ముంగటకెల్లే.” రంగు తుడుచుకుంటూ నా వైపు తిరిగాడు. “నువ్వేమో జీపెక్కి పోతవ్ దేవదానం. నేను ఈడనే ఉంట.”

అంతే అన్నాడు. ఆ తర్వాత రాజు వేషం కట్టలేదు.

ఏడుపు వాపస్

ఒక నెల, రెండు నెలలు. శంకరయ్య చెప్పి చూశాడు. నేను చెప్పి చూశాను. మల్లప్ప ఎవరినీ తిట్టలేదు. రమ్మంటే, “నాకు ఆట పైసల కోసం గాదు భై, ఆడకుంటె నిద్ర పట్టదు. కని ఎట్ల నిలవడాలె ఆళ్ళ ముంగట?” అని గొర్రెల వెంట పోయేవాడు. మనిషి చిక్కిపోయాడు. మంద మేస్తుంటే ఒక్కడే నిలబడి చేతులు తలదాకా తీసుకుపోతున్నాడని, తీసుకుపోయి తువ్వాల సర్దుకుంటున్నాడని ఎవరో చెప్పారు. ఆ మాట విన్నరోజు నేను ప్రచారంలో మూడు ఊళ్ళు వదిలేశాను.

నాకు తెలిసిన మందు ఒకటే. జీపు తీసుకుని యాలాల్ వెళ్ళాను. మైకు అందుకుని, ‘ప్రేక్షకుల కోరికపై మళ్ళీ ఒక్కసారి, మీ అభిమాన రాజు...’ అని మొదలుపెట్టాను. జీపు ఎల్లవ్వ ఇంటి ముందుకు రాగానే ఆమె చేట చేతిలో పట్టుకునే బయటికి వచ్చింది. డ్రైవరు ఆపేశాడు.

“ఎవరు కోరిండ్రు?”

“అందరూ అవ్వా. ప్రేక్షకులు.”

“నేను ప్రేక్షకురాలిని కానా? నేనెప్పుడు కోరిన?”

“నీకు ఆయన ఆట చూడాలని లేదా?”

“ఉన్నది. కని మొన్న నేను ఏడిస్తి గద. ఊకె ఏడువలె, ఇగ కనపడడని ఏడిసిన. ఆ ఏడుపు వాపస్ ఇస్తవా?”

నా దగ్గర ప్రతి మాటకూ ఒక మాట ఉండేది. పాము లేని సినిమాలో పామును చూపించినవాణ్ణి. ఆమె ముందు మాత్రం మైకు స్విచ్ తీసేసి, మిగిలిన ఊళ్ళు తిరగకుండా తాండూరు వచ్చేశాను.

హబీబ్ సాబ్ అంతా విని, టికెట్ల కిటికీ దగ్గర కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“నాది డబ్బా దేవదానం. ఆట అయితే రైలెక్కి పోతది. దాని మొగం మల్ల ఎవ్వడు చూడడు. నీ మల్లప్ప ఏ రైలెక్కుతడు?” తల ఎత్తి, “నా మాట తీస్కపోయి ఆడ ఎందుకన్నవ్?” అన్నాడు. ఆయన నా మీద గట్టిగా అరిచిన రోజులు చాలా ఉన్నాయి, అవన్నీ మర్చిపోయాను. నెమ్మదిగా అన్న ఈ మాట గుర్తుంది.

నవీన్, నువ్వు అడిగిందానికి జవాబు ఇదే. సినిమాకు పిలవడమే సులువు. సినిమా గురించి ఏం చెప్పినా సినిమాకు ఏమీ కాదు. నువ్వు పొగిడినా, పాము ఉందన్నా, చివరిదన్నా, తెర మీద బొమ్మ అట్లనే ఆడుతుంది. నువ్వు ప్రచారం చేసేది మనిషి గురించైతే, ఆ మనిషి నువ్వు చెప్పిన మాటలో రేపటినుంచి కాపురం ఉండాలి. పెన్‌డ్రైవ్‌లో ఏముందో ఆటో తిప్పేముందు ఒకసారి విను. ఇంతకంటే పెద్ద సలహా ఇచ్చే ఓపిక నాకు లేదు, ఉన్నా నువ్వు వినవు. నీ వయసులో నేనూ వినలేదు.

బల్లెం

తర్వాతి వేసవిలో మల్లప్ప దగ్గర్నుంచి కబురు వచ్చింది. జాతరలో నాటకం ఉంది, వస్తే రా, మైకు తేవద్దు అని. నేను పగలే వెళ్ళాను. ఆయన దొడ్డి దగ్గర గొర్రెలకు నీళ్ళు పెడుతున్నాడు.

“మల్ల ఆడుతున్నవా మల్లన్నా?”

“రాజు వేషం గాదు. దాన్ని కాళ్ళు కడిగి సాగదోలిండ్రు గద. అది మా అక్క కొడుకు బాలరాజు కడ్తుండు. నేను బంట్రోతును. బల్లెం పట్కొని పక్కకు నిలవడుడు, గంతే. ఒక్క మాట గూడ లేదు.”

“ఇన్నేండ్లు రాజు కట్టి...”

“స్టేజీ మీద ఉంట గద.” బొక్కెన కింద పెట్టాడు. “గడ్డం పెట్టుకుంట, ఎవ్వరికి తెల్వదు. నువ్వు ఎవ్వరికి చెప్పకు. మైకుల గాదు, నోటితోని గూడ చెప్పకు. నీతోని అయితదా?”

అవుతుందన్నాను. నా జీవితంలో ఒప్పుకున్న అన్ని పనుల్లోకీ అదే కష్టమైంది. ఆ సాయంత్రం ఆ కబురు నా నాలుక చివరిదాకా వచ్చి ఎన్నిసార్లు వెనక్కి పోయిందో. ఒక్కరికీ చెప్పలేదు. సుగుణకు చెప్పాను. ఆమెను లెక్కలోకి తీసుకోకూడదు, నేను చెప్పేది ఆమె ఎట్లాగూ నమ్మదు.

జనం పలచగా ఉన్నారు. ఎల్లవ్వ సంచి పక్కన చోటుంటే వెళ్ళి కూర్చున్నాను. ఆమె నన్ను గుర్తుపట్టి కొంచెం అటు జరిగింది.

తెర లేచింది. సింహాసనానికి అటూ ఇటూ ఇద్దరు బంట్రోతులు. ఒకడు ఆవలిస్తున్నాడు. ఇంకొకడు నల్ల గడ్డంతో, బల్లెం మీద బరువు మోపి, ఒంటికాలి మీద కదలకుండా నిలబడ్డాడు. ఎల్లవ్వ కళ్ళు చిట్లించి చూసింది.

“ఆ గడ్డపాయన ఎవడు?”

“నాకేమెర్క అవ్వా.”

ఆమె నా మొహంలోకి చూసి, మళ్ళీ స్టేజీ వైపు తిరిగింది.

బాలరాజు బాగానే ఆడాడు. సినిమాలు బాగా చూసిన పిల్లవాడు. చెయ్యి తిప్పడం, మెడ విరవడం అన్నీ అక్కడివే. వెనకనుంచి ఈలలు కూడా పడ్డాయి. ఆఖర్న చేతులు కిరీటం మీదికి వెళ్ళాయి. నోట్లోంచి మాట రాలేదు. శంకరయ్య హార్మోనియం మీద ఆ ముక్క మళ్ళీ వాయించాడు. బాలరాజు కళ్ళు అటూ ఇటూ పరిగెత్తాయి. మళ్ళీ వాయించాడు. కుర్రాళ్ళు నవ్వడం మొదలుపెట్టారు. హాల్లో రీలు తెగితే ఇట్లాగే అరుస్తారు. అక్కడ దాన్ని అంటించడానికి ఒక మనిషి ఉంటాడు, ఇక్కడ ఎవరున్నారు అనుకున్నాను.

“ఈ బరువు నాది గాదు తమ్ముడా.”

చాలా చిన్న గొంతు. బంట్రోతు తల తిప్పలేదు. ఎదురుగా చీకట్లోకి చూస్తూనే ఉన్నాడు. గడ్డంలో పెదవులు మాత్రం కదిలాయి. బాలరాజు ఊపిరి తీసుకుని ఆ మాటను పెద్దగా అన్నాడు.

“మోసినన్నాళ్ళు నాదే అనుకున్న.”

బాలరాజు మళ్ళీ పెద్దగా అన్నాడు. మూడో మాటకు కుర్రాళ్ళ నవ్వు ఆగిపోయింది. ముందు చిన్న గొంతు, దాని వెనక పెద్ద గొంతు. జనం ఒకరి తర్వాత ఒకరు ముందుకు వంగారు. పెద్ద గొంతు కోసం వంగాల్సిన పని లేదు. ఎవరో దగ్గితే పక్కవాడు మోచేత్తో పొడిచాడు. ఎల్లవ్వ సంచి మీదనుంచి జరిగి జరిగి స్టేజీ చెక్కకు ఆనుకుంది. ఏడవలేదు. చెవి మీది కొంగు తీసి పక్కకు పెట్టుకుంది.

ఊళ్ళూ హాళ్ళూ బజార్లూ నా చప్పుడుతోనే నింపినవాణ్ణి, జనమంతా కలిసి అంత చప్పుడు లేకుండా ఉండగలరని నాకు తెలియదు. ఇది కలిపి చెప్పడం లేదు. తీసెయ్యడానికి ఇందులో ఏమీ లేదు.

కిరీటం దిగింది. మల్ల తియ్యి అని ఎవరూ అరవలేదు. ఆ బంట్రోతు ఎవరని ఎవరూ అడగలేదు. తెర పడేటప్పుడు అతను బల్లెం ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకోవడం మాత్రం కనిపించింది.

జనం లేస్తున్నారు. ఎల్లవ్వ సంచి దులిపి మడత పెడుతూ నన్ను పిలిచింది.

“ఏం మైకాయనా, ఇయ్యాల ఊళ్ళె ఎందుకు చెప్పలె?”

“చెప్పొద్దన్నడవ్వా.”

“మంచిగైంది. నువ్వు చెప్తె మస్తు మంది వచ్చి, ఆ చిన్న గొంతు ఇనపడకపోయేది.”